నేను శుభ్రం చేసిన గోడ

మా వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు మేముండే బెడోక్‌లో ఎక్కడైనా కనిపిస్తే, నన్ను తిండికొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్లో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి మరీ అడుగుతుంటారు, “అంకుల్, మీ మోడళ్ళు అంత నీట్‌గా ఎలా వచ్చేవి?” అని. చెబుతాను, దాందేముంది. కాకపోతే ఆ నీట్‌నెస్ వల్ల ఏం జరిగిందో కూడా చెబుతాను, అది వినేదాకా లేవకూడదని షరతు పెడతాను. సగంలో ఉండగానే వాళ్ళకు ఫోన్ వస్తుంది. అందుకని మొత్తం ఇలా కాగితం మీద పెడుతున్నాను. కాగితానికైతే ఫోన్లు రావు.

నేను కాకినాడ దగ్గర నుంచి డ్రాఫ్ట్స్‌మన్‌గా ఈ దేశం వచ్చాను. మొదట తువాస్‌లో ఓడల యార్డు. లారీ వెనక కూర్చుని పనికి వెళ్ళటం, పొద్దస్తమానం పైపుల బొమ్మలు గీయటం. పన్నెండేళ్ళు అలా గడిచాక రాఫెల్స్ ప్లేస్‌లో ఏసీ గదిలోకి చేరాను. పాత కట్టడాలను లేజర్ యంత్రంతో కొలిచి, ఆ కొలతలతో కంప్యూటర్లో కట్టడం మొత్తాన్ని మళ్ళీ నిలబెట్టే కంపెనీ అది. రిటైరయ్యేదాకా అక్కడే.

పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను, లేకపోతే తరువాతిది అర్థం కాదు. స్కానర్‌ను ముక్కాలి స్టాండు మీద గది మధ్యలో నిలబెడతారు. అది గుండ్రంగా తిరుగుతూ నాలుగు వైపులకీ లేజర్ కిరణం విసురుతుంది. కిరణం తగిలిన ప్రతి చోటూ ఒక చుక్క. గదికి కోట్ల చుక్కలు. ఆ చుక్కల మబ్బులోంచి గోడ ఏదో, కప్పు ఏదో ఏరుకుని మోడల్ చెయ్యటం మా వంతు. అందులో అక్కర్లేని చుక్కలు కూడా ఉంటాయి. ఎగిరే పక్షి, వాన చినుకు, గడ్డిపరక, అడ్డం వచ్చిన మనిషి. వీటన్నిటినీ కలిపి నాయిస్ అంటాం. దాన్ని తీసెయ్యటంలో నన్ను మించినవాడు ఆఫీసులో లేడు. జోరువానలో పట్టిన కొలతల్ని కూడా ఎండలో ఆరేసిన బట్టల్లా చేసి ఇచ్చేవాణ్ణి. వెనకాల నన్ను చీపురు అని పిలుచుకునేవాళ్ళు. నాకు తెలుసు. తెలిసి మురిసిపోయేవాణ్ణి.

ఒక ఏడు మా మేడం ఐర్లండ్ పని ఒకటి పట్టుకొచ్చింది. ఆవిడ ఇక్కడి చైనీస్ మనిషి, కంపెనీ యజమాని, నాకన్నా పదేళ్ళు చిన్న. మాట గట్టి, మనసు మెత్తన. ఐర్లండ్‌లో సముద్రం ఒడ్డున కొండ కొమ్మున ఒక పాడుబడ్డ కోట ఉంది. కింద ఊళ్ళో ఒక చిన్న కమిటీ దాన్ని కాపాడుకోవాలని తిరుగుతోంది. ఏటేటా సముద్రం కొండను కొరుక్కు తింటోంది, ఉన్నంతలో కొలిచి పెట్టుకుంటే రేపు ప్రభుత్వాన్ని అడగటానికి ఆధారం ఉంటుందని వాళ్ళ ఆలోచన. అక్కడి చిన్న సంస్థ ఒకటి స్కాన్ చేసి డిస్కులు మాకు పంపింది. పంపిన కొన్నాళ్ళకే ఆ సంస్థ మూతపడింది. కోటకు సంబంధించిన ముడి కొలతలు ప్రపంచం మొత్తం మీద మా సర్వర్లో మాత్రమే ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి.

కోట చరిత్ర రాసే బాధ్యత మా ఆఫీసులోని కరీంనగర్ అమ్మాయిది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ఇక్కడి యూనివర్సిటీలోనే చరిత్రలో పరిశోధన చేసింది. నన్ను అన్నా అనేది. నాకు సొంత చెల్లెళ్ళు లేరు, ఆ పిలుపు నాకు ఇష్టంగా ఉండేది. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు ఆ కోట కథంతా విడతలుగా ఆమె చెప్పగా విన్నదే.

ఫ్రెంచి ఓడలు వస్తాయన్న భయంతో బ్రిటిష్‌వాళ్ళు కట్టిన కోట అట అది. ఓడలు రాలేదు. తరాల పాటు ఫిరంగులకు నూనె రాస్తూ, తుడుస్తూ, శత్రువు మీద ఒక్క గుండూ పేల్చకుండానే సిపాయిలు ముసలివాళ్ళయ్యారు. ఊసుపోక కోట లోపలే క్యాబేజీ పండించారని ఎవరో అధికారి ఫిర్యాదు చేసిన కాగితం కూడా ఆమె సంపాదించింది. తరువాత ఐర్లండ్ వాళ్ళ స్వతంత్ర పోరాటం. ఆ తరువాత కోట వాళ్ళ సైన్యం చేతికి వచ్చింది, వాళ్ళు గదులన్నిటికీ తెల్లగా సున్నం వేయించారు, కొన్నేళ్ళు కాపలా కాసి వాళ్ళూ వెళ్ళిపోయారు. తలుపులూ కిటికీ చట్రాలూ ఊరివాళ్ళు పట్టుకుపోయారు, ఇనుము పాత సామాన్లవాళ్ళు పట్టుకుపోయారు. మిగిలిన గోడల మధ్య గొర్రెలు మేసేవి. ఇక్కడ మన సెంటోసా దీవిలో చూపించే ఫిరంగుల గుంటలూ అక్కడివీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయని రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. నేను ఆ ఫోటోల్లో గోడల అంచులు ఎంత వంకరగా ఉన్నాయో చూశాను. చరిత్ర నాకు ఎక్కడం అంత వరకే.

ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. పోరాటం రోజుల్లో ఆ కోటలో ఖైదీలను ఉంచారని ఊళ్ళో చెప్పుకుంటారు. కానీ ఏ దస్తావేజులోనూ ఆ మాట లేదు. ఖైదీలను ఉంచారని చెప్పే గది పాత ప్లాన్లలో మందుగుండు నిలవ చేసే గదిగానే ఉంది. కిటికీ లేని గది, సముద్రం వైపు చిట్టచివరిది.

కమిటీ తరఫున మాతో మాట్లాడేది ఒక పెద్దాయన. రిటైరైన బడిపంతులు, ఎనభై దాటాయి. మాకు సాయంత్రం నాలుగైతే ఆయనకు పొద్దున టిఫిన్ వేళ. స్వెట్టర్ వేసుకుని, చేతిలో టీ కప్పుతో వీడియోలో కూర్చునేవాడు. గొర్రెల గురించీ ఫిరంగుల గురించీ ఎంతైనా చెప్పేవాడు. ఖైదీల గురించి అమ్మాయి అడిగితే మాత్రం, నిరూపించలేని దాన్ని పాఠంగా చెప్పటం తనకు అలవాటు లేదని నవ్వి మాట మార్చేవాడు. పంతులుగారి పట్టుదల అనుకున్నాను. దాని వెనక ఏముందో నాకు అప్పుడు తెలియదు.

ఎనిమిది నెలలు ఆ కోటలో బతికాను. ఐర్లండ్ నేలమీద కాలు పెట్టలేదు, అక్కడి గాలి వాసన తెలియదు, అయినా ఏ మెట్టు ఎంత అరిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. మోడల్ అద్దంలా వచ్చింది. కమిటీ ఆమోదానికి పంపేశాం.

పంపిన మూడో రోజున అమ్మాయి నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది. చరిత్ర అధ్యాయం కోసం బొమ్మలు ఏరుకుంటూ ముడి కొలతలు తెరిచిందట. కంప్యూటర్లో వెలుతురును ఏ కోణం నుంచైనా పడేట్టు పెట్టుకోవచ్చు. ఆమె ఏదో నొక్కి వెలుతురును గోడ పక్కనుంచి ఏటవాలుగా పడేట్టు చేసింది. ఆ మందుగుండు గది గోడ అది.

“అన్నా, జర గీ గోడ జూడు. గీతలున్నయి. ఐదైదు చొప్పున గీసిండ్రు. గీ పక్కన అక్షరాలసొంటివి కూడ ఉన్నయి. ఊరోళ్ళు ఖైదీలను ఉంచిండ్రంటున్నరు గద, అవే గావచ్చు.”

చూశాను. ఒక నిమిషం చూశానేమో. నాలుగు నిలువు గీతలు, వాటిని కొడుతూ ఒక అడ్డగీత. దాని పక్కన మళ్ళీ అలాంటివే, కింద మళ్ళీ. సున్నం పూతల కింద పూడిపోయి, మిల్లీమీటరు లోతైనా లేని గీతలు. అక్కడికి టార్చి పట్టుకుని వెళ్ళిన మనిషికి తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. యంత్రం పట్టుకుంది. నా మోడల్లో మాత్రం ఆ గోడ పీట చెక్కలా నున్నగా ఉంది. దాన్ని నున్నగా చేసింది నేను.

ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రాను. ఆ నిమిషంలో నాకు గీతలు కనపడ్డాయి. అంతకంటే ముందు ఇంకొకటి కనపడింది. ఆమోదానికి వెళ్ళిన మోడల్ వెనక్కి రావాలి, చీపురు పొరపాటు చేశాడని ఆఫీసంతా తెలియాలి. అది తల కొట్టేసినట్టు అనిపించింది.

ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడ తల్లీ, తాపీవాడి గీతలు అలాగే ఉంటాయి అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఇవే చూస్తున్నానన్నాను. ఆమె ఇంకా అనుమానంగా చూస్తుంటే, సోమవారం తీరిగ్గా చూస్తాలే అన్నాను.

ఆ సోమవారం వచ్చింది, వెళ్ళింది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. ఆ వారంలోనే పురిటికి కరీంనగర్ వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు నా బల్ల మీద చీటీ పెట్టింది, గోడ సంగతి మరవొద్దని. ఆ చీటీ చాలా రోజులు కీబోర్డు కింద ఉంది. తరువాత బల్ల శుభ్రం చేసినప్పుడు పోయింది.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. మోడల్‌కు ఆమోదం వచ్చిన మూడు నెలలకు ముడి కొలతలు సర్వర్ నుంచి తుడిచేస్తారు. చోటు చాలదు, కాంట్రాక్టులోనూ అలాగే ఉంటుంది. తుడిచే ముందు మోడల్ చేసినవాడు ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. అందులో ఒక గడి ఉంటుంది. మోడల్లోకి రాని ముఖ్యమైన విషయం ముడి కొలతల్లో ఏదీ మిగల్లేదని ఒప్పుకుంటూ దానికి టిక్కు పెట్టాలి. వందల ఫారాలకు పెట్టాను. ఎవరమూ చదివేవాళ్ళం కాదు.

శుక్రవారం అది. మేడం ఆరు ఫారాలు ఒకదాని మీద ఒకటి పెట్టి తెచ్చింది. “అంకుల్, సైన్ ఫస్ట్ లా, ఐటీ వెయిటింగ్,” అని ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో తొందరపెట్టింది. మొదటి నాలుగూ గబగబా పెట్టేశాను. ఐదోది కోట ఫారం. పెన్ను ఆగింది, అబద్ధం చెప్పను. అమ్మాయి మాట గుర్తొచ్చింది. వారం రోజులు ఆపమని అడిగితే మేడం ఆపేసేదే, కాదనే మనిషి కాదు. కానీ ఎందుకని అడిగేది. నేను టిక్కు పెట్టాను. సంతకం పెట్టాను. ఆరోది కూడా పెట్టి చేతులు దులుపుకుని భోజనానికి వెళ్ళాను. ఆ రోజు చేపల పులుసు చాలా బాగుందని కూడా గుర్తుంది. ఇలాంటివన్నీ ఎందుకు గుర్తుంటాయో.

ఆ చలికాలం అక్కడ పెద్ద తుఫాను వచ్చింది. పెద్దాయన ఫోటో పంపాడు. కొండ కొమ్ము సగం లేదు. సముద్రం వైపు గదులు మూడు, వాటితో పాటు మందుగుండు గదీ నీళ్ళలోకి జారిపోయాయి. కోట మోడల్ ఉన్నందుకు దేవుడికీ మీకూ కృతజ్ఞతలు అని రాశాడు. ఒకసారి మాట్లాడాలన్నాడు.

నాలుగింటికి కూర్చున్నాం, నేనూ మేడమూ. ఆయన చేతిలో టీ కప్పు లేదు. ఆ రోజు మొదటిసారి తన సంగతి చెప్పాడు. వాళ్ళ అమ్మకు ఒక అన్న ఉండేవాడట. పంతొమ్మిదేళ్ళు. పోరాటం రోజుల్లో శరత్కాలంలో బ్రిటిష్ సిపాయిలు అతన్ని ఇంట్లోంచి పట్టుకుపోయారు. మళ్ళీ వసంతంలో శవపేటిక ఇచ్చారు, తెరవకూడదన్నారు. మధ్యలో ఎక్కడ ఉంచారో, ఎన్నాళ్ళు ప్రాణంతో ఉన్నాడో ఎవరూ చెప్పలేదు. కోటలో మీ అన్న పక్క గదిలోనే నన్నూ ఉంచారని, గోడ మీద అతను రోజులు గీసుకునేవాడని ఒకాయన ఆ తరువాత అమ్మతో చెప్పాడట. పంతులుగారు కుర్రతనం నుంచీ టార్చి తీసుకుని ఆ మందుగుండు గదికి ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కలేదు. ఏమీ కనపడలేదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

“మా అమ్మ పోయేదాకా ఒకటే అడిగేది,” అన్నాడు. “అన్నయ్య ఎన్ని రోజులు బతికి ఉన్నాడురా అని. పోయిన వారం నా మనవరాలు చెప్పింది, మీ యంత్రం కంటికి కనపడనిది కూడా పట్టుకుంటుందట. నిజమేనా?”

“నిజమే,” అన్నాను.

“అయితే ఆ గోడ ఒకసారి చూసి చెబుతారా? నాకు ఇంకేమీ వద్దు.”

చూసి చెబుతానన్నాను. చూడటానికి ఏముంది? ఐటీవాళ్ళ కుర్చీల చుట్టూ రెండు రోజులు తిరిగాను. బ్యాకప్ ఉందా అంటే లేదు, పాత డిస్కులు ఉన్నాయా అంటే అవి కూడా తుడిచి వేరే పనికి వాడేశారు. గీతల సంగతి మేడంకు అప్పటికీ చెప్పలేదు. ఆవిడ తేలిగ్గా తీసుకుంది. “టెల్ హిమ్ డేటా గాన్ ఆల్రెడీ. నార్మల్ వాట్,” అంది, కొలతలు తుడిచెయ్యటం మామూలేగా అన్నట్టు.

ఆ మాటే చెప్పి ఉంటే బాగుండేది. కొలతలు లేవని చెబితే ఆయనకు అనుమానమైనా మిగిలేది. కానీ లేవంటే, తుడవక ముందు ఏమున్నాయని అడుగుతాడు. ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. మళ్ళీ నాలుగింటికి కూర్చున్నాం. ఆయన అడగకముందే నేనే అన్నాను, “చూశానండీ. గోడ నున్నగా ఉంది.”

ఆయన వెనక ఎక్కడో కుక్క మొరిగింది. తరువాత అన్నాడు, “అయితే అమ్మే పొరపడి ఉంటుంది.” నాకు శ్రమ ఇచ్చినందుకు క్షమించమన్నాడు. నన్ను, క్షమించమన్నాడు.

కొండ మీద ఒక రాయి పాతించి దాని మీద ఆ మేనమామ పేరు చెక్కించాలని కమిటీ అనుకుందట. పంతులుగారే వద్దన్నాడు, ఆధారం లేనిది రాతి మీద చెక్కకూడదని. చివరి నివేదికలో ఒక వాక్యం చేరింది. కోటలో ఖైదీలను ఉంచినట్టు లేజర్ కొలతల్లో ఏ ఆనవాలూ కనిపించలేదని. ఆధారంగా మా సర్వే నంబరు, పక్కన నా పొడి అక్షరాలు. ఊరివాళ్ళ నోట అన్నాళ్ళు బతికిన మాటను నేను పొట్టి సంతకంతో చంపేశాను.

పురిటికి వెళ్ళిన ఆరు నెలలకు అమ్మాయి తిరిగొచ్చింది. బాబు ఫోటోలు చూపించింది, అందరికీ పాలకోవా పెట్టింది. సాయంత్రానికి నివేదిక చదివినట్టుంది. నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

“గిది ఎవరు రాసిండ్రు అన్నా?”

నేను తెర వైపే చూస్తూ మౌస్ కదిపాను.

“నేను జూసిన గద. నా కండ్లతోని జూసిన. నీకు గూడ జూపించిన.”

మొత్తం చెప్పాను. ఫారం, శుక్రవారం, నున్నటి గోడ. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆయనకు నిజం చెప్పెయ్యమంది. ఏమని చెప్పను, గోడ లేదు, కొలతలు లేవు, చేతిలో చూపించటానికి ఏముంది అన్నాను.

“నీ దగ్గర మాట ఉన్నది గద,” అంది.

ఆలోచిస్తానన్నాను. సోమవారం చూస్తానన్నప్పటి గొంతే అది, ఇద్దరికీ తెలిసింది. మర్నాటి నుంచి ఆమె నన్ను సర్ అని పిలవటం మొదలుపెట్టింది. మాటలో మర్యాద తగ్గలేదు, అన్నం డబ్బా మాత్రం వేరే బల్ల దగ్గర విప్పుకునేది. నేను రిటైరయ్యేదాకా మళ్ళీ అన్నా అనలేదు.

రిటైరైన రోజున కేక్ కోశారు. నేను చేసిన వాటిలో అన్నిటికంటే గొప్ప మోడల్ అంటూ, ఆ కోటనే తెల్లటి ప్లాస్టిక్‌లో చిన్నగా ముద్రించి గాజుపెట్టెలో పెట్టి ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. ఇప్పుడది మా ఫ్లాట్లో టీవీ పక్కన ఉంది. చుట్టాలొస్తే మా ఆవిడ గర్వంగా చూపిస్తుంది. సముద్రం వైపు చిట్టచివరి గది కూడా ఉంది అందులో. చిటికెన వేలు పట్టే గది. పెట్టె మూత తీసి వేలు పెట్టి చూశాను, నున్నగానే ఉంది.

రెండేళ్ళు ఆ పెట్టెను చూస్తూ కూర్చున్నాక ఉత్తరం రాశాను. ఎందుకంత కాలం పట్టిందని అడగకండి. ఆఫీసులో ఉండగా ఉద్యోగం పోతుందన్న భయం ఉందనుకుంటే, రిటైరయ్యాక ఆ సాకు కూడా లేదు. ఉత్తరంలో ఏదీ దాచలేదు. గీతలున్నాయని, నేను చూశానని, తుడిచింది నేనేనని, అబద్ధం చెప్పిందీ నేనేనని రాశాను. మీ అమ్మగారు పొరపడలేదు అని రాశాను.

నెలకు జవాబు వచ్చింది. చేత్తో రాసిన ఉత్తరం, అక్షరాలు వణికాయి గానీ వరస తప్పలేదు. తిట్టు ఒక్కటి లేదు. నేను లేదన్న రోజున ఆయన అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళి, నువ్వు పొరపడ్డావమ్మా అని చెప్పి వచ్చాడట. ఇప్పుడు మోకాళ్ళు సహకరించటం లేదు, ఆ సమాధి ఉన్న కొండ మళ్ళీ ఎక్కలేనని రాశాడు. మనవరాలిని పంపుతాడట. పంపేటప్పుడు అమ్మకు పూర్తిగా చెప్పి పంపాలి కాబట్టి ఒక్క విషయం తెలియజేయమన్నాడు. గీతలు మొత్తం ఎన్ని ఉన్నాయి?

నేను లెక్కపెట్టలేదు. ఒక్క నిమిషం చూశాను, ఆ నిమిషమంతా నా గురించే ఆలోచించాను.

కరీంనగర్ అమ్మాయి నంబరు వెతికి ఫోన్ చేశాను. ఉత్తరం చదివి వినిపించాను.

“శాన ఉండె సర్,” అంది. “నేను లెక్కవెట్టలే. మీరు జూస్తరనుకున్న.”

పెద్దాయన ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. ఇంకా జవాబు రాయలేదు.